ఐదు డబ్బాలు మింగినా తగ్గని నీరసం

ప్రశ్న: నా వయసు 38. ఉద్యోగం చేస్తున్నాను. తొమ్మిదేళ్ళ బాబు, మూడేళ్ళ పాప. ఏడాదిగా ఒకటే నీరసం. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం వస్తోంది. దువ్వెన పెడితే చాలు, జుట్టు ఊడివస్తోంది. రాత్రి పడుకోగానే కాళ్ళు లాగుతున్నట్టు, లోపల ఏదో పాకుతున్నట్టు ఉంటుంది. కదపకుండా ఉండలేను. లేచి నాలుగడుగులు వేస్తే కాస్త నయం. ఎవరు ఏది మంచిదంటే అది తెచ్చుకున్నాను: మల్టీవిటమిన్, జుట్టు కోసం బయోటిన్ 10 మిల్లీగ్రాములు, జింక్, కాల్షియం, విటమిన్ సి. మర్చిపోతానని అన్నీ కలిపి పొద్దున్నే కాఫీతో వేసేసుకుంటాను. ఈమధ్య నాకు నేనే ఫుల్ బాడీ చెకప్ చేయించుకున్నాను. హిమోగ్లోబిన్ 10.6, ఫెరిటిన్ 8, బి12 310, విటమిన్ డి 23, టీఎస్‌హెచ్ 0.1, ఫ్రీ టీ4 ఎక్కువ. ఇంకా ఏ విటమిన్ కలుపుకోవాలి? అమ్మకి 66 ఏళ్ళు. పన్నెండేళ్ళుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్, చాలాకాలంగా గ్యాస్ మాత్ర వాడుతోంది. అరికాళ్ళలో మంటలు, తిమ్మిర్లు. కళ్ళు మూసుకుని ముఖం కడుక్కుంటే తూలుతోంది. బలానికని నా మల్టీవిటమినే ఆమెకీ ఇస్తున్నాను. పిల్లలకి విటమిన్ గమ్మీలు ఇవ్వచ్చా? డబ్బాల ఫొటోలు పంపుతున్నాను. నా పేరు వేయకండి.

సమాధానం: మీరు ఏ విటమిన్ కలుపుకోవాలని అడిగారు. ఏదీ కలపొద్దు. బయోటిన్ మాత్రం ఇవాళే ఆపేయండి. నీరసం సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ రిపోర్ట్‌ని నమ్మాలా వద్దా అన్నది ఆ డబ్బా మీదే ఆధారపడి ఉంది.

టీఎస్‌హెచ్ 0.1, ఫ్రీ టీ4 ఎక్కువ. టీ4 అంటే థైరాయిడ్ తయారుచేసే హార్మోన్, టీఎస్‌హెచ్ అంటే దాన్ని తయారుచేయమని థైరాయిడ్‌కి చెప్పే హార్మోన్. ఈ రెండు అంకెలూ చూస్తే థైరాయిడ్ మితిమీరి పనిచేస్తోందని ఎవరైనా అంటారు. బయోటిన్ గురించి అడక్కుండా తొందరపడితే దాన్ని అణిచే మందు కూడా మొదలైపోతుంది. కానీ థైరాయిడ్ శుభ్రంగా ఉన్నవాళ్ళకి కూడా బయోటిన్ సరిగ్గా ఇలాంటి రిపోర్టే తెప్పించగలదు. చాలా ల్యాబుల్లో హార్మోన్లను కొలవడానికి బయోటిన్ అంటించిన రసాయనాలనే వాడతారు. మీ రక్తంలో అప్పటికే బోలెడంత బయోటిన్ తిరుగుతుంటే యంత్రం లెక్క తప్పుతుంది. కొన్ని పరీక్షల్లో ఉన్నదానికంటే తక్కువ, మరికొన్నింట్లో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. టీఎస్‌హెచ్ తగ్గినట్టూ టీ4 పెరిగినట్టూ రావడం దీనికి బాగా తెలిసిన గుర్తు. గుండెపోటుని పట్టే ట్రోపోనిన్ పరీక్షతోనూ ఇదే తంటా. బయోటిన్ వల్ల ట్రోపోనిన్ తప్పుగా తక్కువ రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది.

పెద్దవాళ్ళకి రోజుకి 30 మైక్రోగ్రాముల బయోటిన్ సరిపోతుంది. మీరు మింగుతున్నది 10,000 మైక్రోగ్రాములు. మూడు వందల రెట్ల పైమాటే. మామూలుగా తిని తిరిగే మనిషికి బయోటిన్ లోపం రావడం చాలా అరుదు. లోపం లేనివాళ్ళకి ఇది జుట్టు పెంచుతుందనడానికి గట్టి రుజువూ లేదు. అయినా జుట్టు మందు అనగానే ఇదే గుర్తొస్తుంది. డబ్బా మీది బొమ్మ మహిమ అనుకోవాలి.

బయోటిన్ కనీసం రెండు రోజులు ఆపి రక్తం ఇమ్మంటారు. మీ మోతాదుకి ఒక వారం ఆపడం మేలు. ఆ తర్వాత థైరాయిడ్ పరీక్ష మళ్ళీ చేయించండి. ఫెరిటిన్, బి12, విటమిన్ డి కూడా కలిపి చేయించండి. కొన్ని ల్యాబుల్లో వాటినీ ఇదే పద్ధతిలో కొలుస్తారు కాబట్టి, వాటి అంకెలు కూడా అటూఇటూ అయి ఉండొచ్చు. రక్తం ఇచ్చేటప్పుడు బయోటిన్ వాడేదాన్నని నోరు తెరిచి చెప్పండి, వాళ్ళంతట వాళ్ళు అడగరు. రెండోసారి కూడా టీఎస్‌హెచ్ తక్కువే వస్తే థైరాయిడ్ సమస్య నిజమే. జుట్టు ఊడటానికీ నీరసానికీ దానికీ సంబంధం ఉంటుంది. అప్పుడు ఆలస్యం చేయకుండా హార్మోన్ల డాక్టర్‌ని, అంటే ఎండోక్రైనాలజిస్ట్‌ని కలవాలి.

హిమోగ్లోబిన్ పరీక్షకి మాత్రం బయోటిన్ అడ్డు రాదు. 10.6 నిజమే. గర్భిణి కాని స్త్రీకి 12 కంటే తక్కువుంటే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మీ ఆయాసం, కాళ్ళ తీరు చూస్తే ఫెరిటిన్ 8 కూడా నిజమే అయ్యుంటుందని నా నమ్మకం. అంటే మీకు తక్కువైంది ఐరన్. మీ ఫొటోల్లో ఐదు డబ్బాల లేబుళ్ళూ చదివాను. మల్టీవిటమిన్‌తో సహా ఒక్కదాంట్లోనూ ఐరన్ లేదు!

ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచి ఉంచిన ఐరన్‌కి కొలమానం. ఖర్చు ఎక్కువై రాబడి తగ్గినప్పుడు శరీరం ముందు ఆ నిల్వనే వాడుకుంటుంది. అది దాదాపు అయిపోయాకే హిమోగ్లోబిన్ పడటం మొదలవుతుంది. అందుకే హిమోగ్లోబిన్ 12.5 ఉండి ఫెరిటిన్ 10 ఉన్నవాళ్ళు కూడా నీరసంగా ఉందంటూ వస్తారు. "రక్తం బాగానే ఉందమ్మా" అని వాళ్ళని పంపించేస్తుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళకి 15 కన్నా తగ్గితే ఐరన్ లోపం. చాలామంది డాక్టర్లు 30 దగ్గరే జాగ్రత్తపడతారు. ఒంట్లో ఏదైనా వాపు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి జ్వరంతో ఉన్నప్పుడు చేయించిన ఫెరిటిన్‌ని చూసి నిశ్చింతగా ఉండకూడదు.

మీ కాళ్ళ సంగతి మీరు రాసిన తీరే నాకు ఎక్కువ ఉపయోగపడింది. పడుకున్నప్పుడే రావడం, లోపల పాకుతున్నట్టు ఉండటం, కదిపితే తగ్గడం. ఇది కండరం పట్టేయడం కాదు. పిక్క పట్టేస్తే గట్టిపడి ప్రాణం పోయేంత నొప్పి వస్తుంది. మీది రెస్ట్‌లెస్ లెగ్స్ అనే సమస్యలా ఉంది. దానికి ముఖ్య కారణాల్లో ఐరన్ తగ్గడం ఒకటి. మెదడులో డోపమిన్ అనే రసాయనం తయారవడానికి ఐరన్ కావాలి, ఇబ్బంది అక్కడ మొదలవుతుందని అంటారు. ఈ సమస్య ఉన్నవాళ్ళకి ఫెరిటిన్ 75 దాకా ఉన్నా ఐరన్ ఇచ్చి చూడమంటారు. మీది 8. కాళ్ళు లాగుతున్నాయనగానే కాల్షియం వేసుకోమని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. మీ కాళ్ళకి మాత్రం దానితో పని లేదు. ఇంకో మాట అడుగుతాను, నవ్వకండి: ఫ్రిజ్‌లోంచి ఐస్ ముక్కలు తీసి కరకరా నమలాలనిపిస్తుందా? ఐరన్ బాగా తగ్గినవాళ్ళలో కొందరికి ఈ యావ ఉంటుంది. ఐరన్ వేసుకుంటే అదే పోతుంది.

మాత్ర రాయించుకునే ముందు ఉన్న ఐరన్ ఎటు పోయిందో తేలాలి. మన శరీరానికి ఐరన్‌ని పనిగట్టుకుని బయటికి పంపే మార్గం లేదు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. అది చనిపోయాక అందులోని ఐరన్‌ని ఏరుకుని శరీరం మళ్ళీ వాడుకుంటుంది. చర్మం, పేగుల లోపలి పొర రాలడం వల్ల రోజుకి ఒకటి రెండు మిల్లీగ్రాములు పోతాయంతే. కాబట్టి పెద్దవాళ్ళకి ఐరన్ తగ్గిందంటే రక్తం పోతుండాలి, లేదా తిన్నది ఒంటికి పట్టకపోతుండాలి, లేదా తినేదాంట్లోనే చాలకపోతుండాలి. మీ ఉత్తరంలో నెలసరి గురించి ఒక్క ముక్క లేదు. వారం దాటి అవుతోందా? గంటా రెండు గంటలకే ప్యాడ్ మార్చాల్సి వస్తోందా? గడ్డలు పడుతున్నాయా? మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఐరన్ ఉంటుంది. నెలకి 80 మిల్లీలీటర్లు పోతే 40 మిల్లీగ్రాములు పోయినట్టు. తిండిలోని ఐరన్‌లో చిన్న భాగమే ఒంటికి పడుతుంది కాబట్టి ఆ లోటు భోజనంతో పూడటం కష్టం. దీనికి తోడు ఒక గర్భం మొత్తానికి సుమారు 1000 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. ఆడవాళ్ళ ఒంట్లో మొత్తం కలిపినా ఉండేది రెండు మూడు గ్రాములే. మీకు ఇద్దరు పిల్లలు, రెండో కాన్పై మూడేళ్ళు. మధ్యలో ఆ నిల్వ ఎప్పుడైనా పూర్తిగా నిండిందా అన్నది అనుమానమే.

అందుకే ఒకసారి గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ అనే గడ్డ లాంటిది ఏదైనా ఉంటే తేలుతుంది. అది అలాగే ఉండిపోతే ఎన్ని మాత్రలు మింగినా ఒక పక్క పోస్తుంటే ఇంకో పక్క కారిపోతుంటుంది. మలం నల్లగా రావడం, నొప్పి మాత్రలు తరచూ వాడటం, కారణం లేకుండా బరువు తగ్గడం లాంటివి ఉంటే అవీ చెప్పండి.

ఐరన్ మాత్ర ఏదన్నది డాక్టరే రాస్తారు. ఎలా వేసుకోవాలన్నది మాత్రం నేను కాస్త వివరంగానే చెబుతాను. సగం వైద్యం అక్కడే ఉంది. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే అంకె మందు మొత్తం బరువు. అందులో అసలు ఐరన్ ఎంతో విడిగా చూడాలి. 325 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ మాత్రలో ఐరన్ 65 మిల్లీగ్రాములే. త్వరగా తగ్గాలని పూటకొకటి మింగకండి. ఒక మోతాదు ఐరన్ లోపలికి వెళ్ళగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ని వదులుతుంది. అది ఓ రోజు పాటు పేగుల్లో ఐరన్ దారిని బిగిస్తుంది. అప్పుడు వేసుకున్న రెండో మాత్ర చాలావరకు ఒంటికి పట్టకుండా కడుపులో మంట, మలబద్ధకం మాత్రం పెంచుతుంది. ఈ కారణంగానే ఇప్పుడు చాలామంది డాక్టర్లు రోజుకొకటి, లేదా రోజు విడిచి రోజు ఒకటి రాస్తున్నారు. రోజు విడిచి రోజంటే తక్కువ వైద్యం చేస్తున్నారని అనుకోకండి.

పరగడుపున, నీళ్ళతో గానీ నిమ్మరసంతో గానీ వేసుకోండి. విటమిన్ సి తోడుంటే ఐరన్ బాగా పడుతుంది. మీ ఐదు డబ్బాల్లో ఐరన్‌కి పనికొచ్చేది అదొక్కటే గానీ, దానికి 1000 మిల్లీగ్రాముల మాత్ర అక్కర్లేదు, ఒక పండు చాలు. పరగడుపున వికారం వస్తే తిన్నాక వేసుకోండి. కొంచెం తక్కువ పట్టినా పరవాలేదు, మానేయడం కంటే అదే నయం. మలం నల్లబడుతుంది, టెన్షన్ పడకండి. కాఫీ, టీలకి మాత్రం దూరం పాటించాలి. వాటిలోని పాలిఫినాల్స్ ఐరన్‌ని పట్టేసి పేగు దాటనివ్వవు. ఇక్కడ ఒక చిత్రం ఉంది. భోజనానికి గంట ముందు తాగిన కాఫీతో పెద్దగా ఇబ్బంది లేదు, భోజనమయ్యాక గంటకి తాగితే మాత్రం అడ్డే. చాలామందికి అలవాటు సరిగ్గా తిరగేసి ఉంటుంది. కాల్షియం కూడా ఐరన్‌కి అడ్డే. డాక్టర్ రెండూ రాస్తే ఒకటి పొద్దున, ఒకటి రాత్రి.

రెండు మూడు వారాల్లో ఆయాసం, నీరసం కొంత తేడా తెలియాలి. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా మూడు నెలలు ఆపొద్దు. నిల్వ నిండటానికి అంత సమయం పడుతుంది. రిపోర్ట్ బాగుంది కదా అని మధ్యలో మానేసి, ఏడాదికి మళ్ళీ మొదటికొచ్చేవాళ్ళే ఎక్కువ. జుట్టుకి ఇంకా ఓపిక పట్టాలి, ఊడటం తగ్గడానికే నెలలు పడుతుంది.

ఇది చదివి నీరసంగా ఉన్న ప్రతివారూ ఐరన్ కొనుక్కోకండి. బయటికి పంపే మార్గం లేదన్నాను కదా, అవసరం లేకుండా మింగితే అది కాలేయంలో, గుండెలో పేరుకుంటుంది. తలసేమియా అనే వంశపారంపర్య రక్త సమస్య స్వల్పంగా ఉన్నవాళ్ళకి కూడా రక్తకణాలు చిన్నవిగా, హిమోగ్లోబిన్ కాస్త తక్కువగా ఉంటుంది. ఫెరిటిన్ చూడకుండా వాళ్ళకి ఏళ్ళ తరబడి ఐరన్ ఇస్తూ పోవడం మంచిది కాదు.

ఇక విటమిన్ డి. మీది 23. రిపోర్ట్‌లో ఎర్రక్షరాల్లో "తక్కువ" అని వచ్చి ఉంటుంది. చాలా ల్యాబులు 30ని గీతగా పెట్టుకున్నాయి. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2011లో అన్నీ పరిశీలించి, 20 ఉంటే దాదాపు అందరి ఎముకలకీ సరిపోతుందని తేల్చింది. 12 కన్నా తగ్గితేనే అసలు ఆందోళన. మళ్ళీ చేయించినప్పుడు 20 పైనే వస్తే వదిలేయండి. తక్కువ వస్తే డాక్టర్ మోతాదు రాస్తారు. దాన్ని రాసినట్టే వాడండి. 60,000 యూనిట్ల గోళీ వారానికొకటి అని రాస్తే రోజూ వేసుకుని రక్తంలో కాల్షియం పెరిగిపోయి, విపరీతమైన దాహం, వాంతులు, మలబద్ధకంతో ఆస్పత్రిలో చేరేవాళ్ళున్నారు. మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి. చీటీ మీద "వారానికి" అన్న మాట కింద గీత గీసుకోండి.

మిగతా డబ్బాల గురించి త్వరగా ముగిస్తాను. మీ లేబుళ్ళలో మల్టీవిటమిన్‌లో జింక్ 15 మిల్లీగ్రాములు, విడి మాత్రలో 50. మొత్తం 65. రోజుకి 40 మించకూడదు. నెలల తరబడి మించితే జింక్ పేగుల్లో రాగిని (కాపర్ అనే ఖనిజాన్ని) అడ్డుకుంటుంది. రాగి తగ్గితే అదీ రక్తహీనతకే దారితీస్తుంది, నరాల్నీ దెబ్బతీస్తుంది. రక్తం పట్టాలని తపిస్తూ రక్తానికి అడ్డుపడేదాన్ని మింగడం ఎందుకు? ఎవరైనా సరే, ఒకటికి మించి డబ్బాలు వాడుతుంటే వాటిని బల్ల మీద వరుసగా పెట్టి, ఒకే పేరు ఎన్నిట్లో ఉందో చూసి కూడిక వేసుకోవాలి. జింక్, సెలీనియం, విటమిన్ ఎ, బి6, ఈ నాలుగింటినీ ముఖ్యంగా చూడండి. సెలీనియం ఎక్కువైనా విటమిన్ ఎ ఎక్కువైనా జుట్టు ఊడుతుంది. 2008లో అమెరికాలో ఒక ద్రవ సప్లిమెంట్‌లో పొరపాటున లేబుల్ మీద ఉన్నదానికి సుమారు 200 రెట్లు సెలీనియం పడింది. తాగినవాళ్ళలో ఎక్కువమందికి జుట్టు రాలిపోయింది, గోళ్ళు పాడయ్యాయి.

నీళ్ళలో కరిగే విటమిన్ ఎక్కువైతే ఒంటేలుకి పోతుందిలే, నష్టం లేదనుకుంటారు. బి కాంప్లెక్స్ వేసుకున్న రోజు మూత్రం పసుపుపచ్చగా మెరిసేది బి2 వల్ల. అంతవరకు నిజమే. బి6 కూడా నీళ్ళలో కరిగేదే, కానీ పెద్ద మోతాదులో నెలల తరబడి వాడితే చేతులు కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. తిమ్మిర్లకని బి6 ఉన్న మాత్ర వాడుతూ, తగ్గలేదని ఇంకోటి కలిపేవాళ్ళు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి. విటమిన్ సి రోజూ వేసుకుంటే మామూలు మనుషులకి జలుబు రాకుండా ఏమీ ఆగదు. వచ్చినప్పుడు కొద్దిగా త్వరగా తగ్గుతుందంతే. మూత్రంలో రాళ్ళు పడే తత్వం ఉంటే పెద్ద మోతాదులు అసలొద్దు.

విటమిన్ల మీద మనకి ఇంత ఆశ ఎందుకంటే, లోపం ఉన్నచోట వాటి పని నిజంగా అద్భుతం. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు చిగుళ్ళు కుళ్ళి రక్తం కారుతున్న 12 మంది నావికుల్ని ఇద్దరిద్దరి చొప్పున విడదీసి, ఒక్కో జంటకి ఒక్కో వైద్యం చేశాడు. కమలాపండ్లు, నిమ్మపండ్లు తిన్న ఇద్దరూ అందరికంటే త్వరగా కోలుకున్నారు. స్కర్వీ అనే ఆ జబ్బు తగ్గిందని, దాన్ని తగ్గించిన విటమిన్ సి ఇంకా ఎక్కువ వేసుకుంటే మామూలు మనిషి ఇంకా బలంగా అయిపోడు కదా. వంటలో ఉప్పు చాలనప్పుడు చిటికెడు వేస్తే రుచొస్తుంది, సరిపోయాక వేసిన చిటికెడు పాడుచేస్తుంది.

ఈ మాట ఊహించి చెబుతున్నది కాదు. ఫిన్లండ్‌లో 29,133 మంది మగ పొగతాగేవాళ్ళ మీద ఒక పెద్ద పరిశోధన జరిగింది. క్యాన్సర్ నుంచి కాపాడుతుందేమోనని కొందరికి క్యారెట్, ఆకుకూరల్లో ఉండే బీటా కెరోటిన్‌ని మాత్రగా ఇచ్చారు. 1994లో ఫలితాలు చూస్తే, అది తీసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. అమెరికాలో అలాంటిదే ఇంకో పరిశోధనని ఇదే కారణంతో 1996లో మధ్యలోనే ఆపేశారు. ఆకుకూరలు, క్యారెట్ తిన్నవాళ్ళకి ఏ నష్టమూ లేదు సుమా, గోళీగా మింగితేనే ఆ తేడా. విటమిన్ డి మీద 25,871 మందితో ఏళ్ళ తరబడి నడిచిన వైటల్ అనే పరిశోధనలో ఎవరికీ అపకారం జరగలేదు గానీ, రోజూ 2000 యూనిట్లు వేసుకున్నవాళ్ళకి గుండెజబ్బులు గానీ క్యాన్సర్లు గానీ తగ్గలేదు, ఎముకలు విరగడమూ తగ్గలేదు. వాళ్ళలో చాలామందికి మొదట్నించీ లోపం లేదు మరి. మీకు కావలసింది కూడా డబ్బాల లెక్క పెంచడం కాదు, ఏ లోటుందో కనిపెట్టి దాన్నొక్కదాన్నీ పూడ్చుకోవడం.

ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. నిజానికి మీ ఉత్తరంలో నన్ను తొందరపెట్టింది ఆమె గురించి రాసిన రెండు మూడు వాక్యాలే. షుగర్ ఉండి అరికాళ్ళ మంటలంటే "షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయి" అని సరిపెట్టేస్తారు. అదీ అయ్యుండొచ్చు. కానీ మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే గ్యాస్ మాత్రలు కూడా అదే పని చేస్తాయి, ఎందుకంటే తిండిలోని బి12 విడిపోవడానికి ఆ ఆమ్లమే కావాలి. వయసు పైబడితే ఆమ్లం దానంతటదే కూడా తగ్గుతుంది. మూడూ ఆమెలో కలిశాయి. కాలేయంలో బి12 నిల్వ ఏళ్ళకి సరిపడా ఉంటుంది కాబట్టి మందు మొదలుపెట్టిన చాలా కాలానికి గానీ లోపం బయటపడదు. అప్పటికి దాన్నీ ఆ మందునీ ఎవరూ జతచేసి చూడరు.

కళ్ళు మూసుకుని ముఖం కడుక్కుంటే తూలుతున్నారన్నది చిన్న విషయం కాదు. కాలు ఎక్కడుందో మెదడుకి చెప్పే నరాలు వెన్నుపాము వెనక భాగంలోంచి వెళ్తాయి. బి12 తగ్గినప్పుడు దెబ్బతినేవాటిలో అవి ముఖ్యం. కళ్ళు తెరిచి ఉన్నంతసేపు చూపుతో సర్దుకుంటారు, మూసుకోగానే ఆధారం పోతుంది. చీకట్లో బాత్‌రూమ్‌కి వెళ్తే పడిపోయే ప్రమాదం ఉంది, రాత్రి ఒక లైట్ వేసి ఉంచండి.

మీరిస్తున్న మల్టీవిటమిన్‌లో బి12 2.5 మైక్రోగ్రాములు ఉంది. మామూలుగా అయితే రోజుకి 2.4 చాలు, కానీ సరిగా పట్టని మనిషికి అది ఏ మూలకీ రాదు. అందులోనే ఫోలిక్ యాసిడ్ కూడా ఉంది. ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో ఇస్తే బి12 లోపం వల్ల వచ్చే రక్తహీనతని సర్దేస్తుంది, నరాలని మాత్రం కాపాడదు. రక్త పరీక్ష బాగానే కనిపిస్తుంటుంది, లోపల నరాలు పాడవుతూనే ఉంటాయి. ఈ వారంలోనే డాక్టర్‌కి చూపించి బి12 పరీక్ష చేయించండి. అంకె అటూ ఇటూ కాకుండా మధ్యలో వస్తే మిథైల్ మలోనిక్ యాసిడ్ అనే ఇంకో పరీక్ష తేల్చేస్తుంది. ఇంజెక్షన్ మొదలవకముందే రక్తం ఇవ్వాలి. నరాల లక్షణాలు ఉన్నవాళ్ళకి సాధారణంగా ముందు ఇంజెక్షన్లతో మొదలుపెడతారు. తర్వాత 1000 మైక్రోగ్రాముల మాత్ర చాలు. పట్టే శక్తి పోయినవాళ్ళకి కూడా మాత్రలో సుమారు ఒక శాతం నేరుగా లోపలికి వెళ్తుంది, అది రోజు అవసరాన్ని దాటే ఉంటుంది. ఆలస్యమైన కొద్దీ నరాలు పూర్తిగా కోలుకునే అవకాశం తగ్గుతుంది. మెట్‌ఫార్మిన్‌ని మీ అంతట మీరు ఆపకండి. అది మంచి మందు, బి12 చూసుకుంటూ వాడితే సరిపోతుంది. గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా అని మాత్రం తప్పకుండా అడగండి. ఎప్పుడో రెండు వారాలకని మొదలుపెట్టి ఏళ్ళ తరబడి సాగిపోయే మందుల్లో అది ముందుంటుంది.

పిల్లలకి గమ్మీలు అక్కర్లేదు. అన్ని రకాలూ తింటూ, ఎత్తూ బరువూ సరిగ్గా పెరుగుతుంటే వాళ్ళకి లోటేమీ లేనట్టే. తిండి విషయంలో బాగా పేచీ పెట్టే పిల్లలైతే పిల్లల డాక్టర్‌ని అడిగి చూసుకోవాలి. మీరిప్పుడు ఐరన్ మాత్రలు ఇంటికి తెస్తారు. మూడేళ్ళ పాపకి రంగు గోళీకీ చాక్లెట్‌కీ తేడా తెలియదు. చిన్నపిల్లలు గుప్పెడు ఐరన్ మాత్రలు మింగితే ప్రాణం మీదికొస్తుంది. హ్యాండ్‌బ్యాగ్‌లో, వంటింటి గట్టు మీద పెట్టకుండా తాళం వేసే అరలో పెట్టండి. ఒకవేళ మింగిందన్న అనుమానం వస్తే, పాప బాగానే ఆడుకుంటున్నా సరే, డబ్బా చేత్తో పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. మొదట వాంతులై, తర్వాత తేరుకున్నట్టు కనిపించి, మళ్ళీ ఒక్కసారిగా దిగజారడం ఐరన్ విషంలో ఉంటుంది.

ఐరన్ మొదలుపెట్టిన నాలుగు వారాలకి హిమోగ్లోబిన్ చూపించుకోండి, ఒక గ్రాము దాకా పెరిగి ఉండాలి. పెరక్కపోతే మోతాదు పెంచమని అడిగే ముందు, మాత్ర నిజంగా డాక్టర్ రాసినట్టే వేసుకున్నారా, కాఫీ పక్కకి జరిపారా, నెలసరి సంగతి తేలిందా అని చూసుకోండి. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా పెరగలేదంటే తిన్నది పేగులకి పట్టడం లేదేమో చూడాలి. గోధుమ పడని సీలియాక్ వ్యాధి, కడుపులో హెచ్ పైలోరీ ఇన్ఫెక్షన్ లాంటివి దానికి కారణం కావచ్చు. అప్పుడు జీర్ణకోశ డాక్టర్ (గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్) దగ్గరికి వెళ్ళి, ఇప్పటిదాకా వాడిన మాత్రల పట్టీ, పాత రిపోర్ట్, కొత్త రిపోర్ట్ మూడూ చూపించండి. ఐరన్‌ని సెలైన్‌లో నేరుగా రక్తంలోకి ఎక్కించే పద్ధతి కూడా ఉంది. అది అవసరమా కాదా అన్నది ఆ రిపోర్ట్‌లు చూసి వాళ్ళు చెబుతారు.